సున్‌మోయ్ ఎనిమిదో వరుస

సున్‌మోయ్ బేరితోటలో చెట్లు ఎనిమిది వరుసలు. భూకంపం వచ్చిన మూడో రోజుకు గాని ఆమెకు తోట మొహం చూడ్డానికి తీరలేదు. వెళ్లి లెక్కపెడితే ఏడే తేలాయి. మళ్లీ లెక్కపెట్టింది. ఏడే. మూడోసారి పడమటి గట్టు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో వరుసలో మొదటి చెట్టును చేత్తో తడుముకుంటూ తూర్పుకు నడిచింది. ఏడో వరుస దాటగానే ఎదురుగా మట్టిగోడ. రెండు నిలువుల ఎత్తు. దాని నిండా గుండ్రాళ్లు, తెగిన వేళ్లు, పగిలిన సిమెంటు కాలవ ముక్కలు. ఆ గోడ మీద, పక్క తోట ఆసామి హ్యూ గిమ్‌సాన్ కమలాచెట్లు పచ్చికాయలతో సహా నిక్షేపంగా నిలబడి ఉన్నాయి. నాలుగు రోజుల కిందట ఆ తోటా ఈ తోటా ఒకే మట్టం. మధ్యలో ఒక గట్టు, గట్టు చివర ఒక హద్దురాయి, అంతే తేడా.

యాభై ఆరేళ్ల సున్‌మోయ్‌కి లెక్క తప్పితే నిద్రపట్టదు. ఇరవయ్యో ఏట ఈ ఊరికి కోడలిగా వచ్చి, అత్తగారి దగ్గర బేరికొమ్మకు అంటుకట్టడం నేర్చుకుంది. తుంగ్‌షీ పట్నం చుట్టుపక్కల ఆమె అంత వేగంగా కట్టేవాళ్లు లేరని పేరు. ఏ చెట్టుకు ఎన్ని అంట్లు కట్టిందో, ఎన్ని పట్టాయో, ఎన్ని కాయలకు కాగితం సంచులు తొడిగిందో అడిగితే చెప్పేది. అడగకపోయినా చెప్పేది. ఆమె భర్త ఫుంగ్‌నాన్ అందుకు పూర్తిగా విరుద్ధం. టీ గిన్నె చేతిలో ఉంటే చాలు ఆయనకు. ఇల్లు కూలినా, ఏనుగు దొడ్లోకి వచ్చినా ఆయన నోట వచ్చే మాట ఒకటే: "పోనీలే."

"ఒక వరుస లేదు," అంది సున్‌మోయ్ ఇంటికొచ్చి.

"ఏ వరుస?"

"ఎనిమిదోది. పదకొండు చెట్లు. మట్టికింద పోయాయి."

"ఇల్లు నిలబడింది. మనం ఉన్నాం. పోనీలే."

ఆ మాట నిజమే. కింది వాడలో పెంకులు రాలాయి, గోడలు బీటలిచ్చాయి, అంతే. పై వాడలో, నేల లేచిన వైపు, ఇరవై మూడిళ్లలో నిలబడ్డవి ఆరు. గిమ్‌సాన్ ఇల్లు ఆ ఆరింటిలో లేదు. ఆయన బయటపడ్డాడు. ఆయన భార్య లాన్‌యిన్ పడలేదు.

ఆ ఊళ్లో పోయినవాళ్లకు ఏడు వారాల కర్మ. నలభై తొమ్మిది రోజులు సున్‌మోయ్ నోరు మెదపలేదు. రోజూ మధ్యాహ్నం అన్నం, ఉప్పులో ఊరేసిన ఆవాకుతో వండిన పందిమాంసం డబ్బాలో పెట్టుకుని, చుట్టూ తిరిగి పై వాడకు వెళ్లి, గిమ్‌సాన్ గుడారం ముందు పెట్టి వచ్చేది. వచ్చేటప్పుడు గోడ అంచున ఒక్క క్షణం ఆగేది. ఆయన హద్దురాయి అక్కడే ఉంది, అంచుకు జానెడు ఇవతల, నిటారుగా, పెళ్లికొడుకులా. దాని కిందెక్కడో తన ఎనిమిదో వరుస. మాట నాలిక చివరిదాకా వచ్చేది. మింగేసేది. అన్ని రోజులు అలా మింగడం ఆమె జీవితంలో అదే మొదలు.

యాభయ్యో రోజు పొద్దున్నే టేపు తీసుకుని వెళ్లింది.

డెబ్బై ఏళ్ల గిమ్‌సాన్ అప్పటికి ప్రభుత్వం ఇచ్చిన రేకుల గదిలోకి మారాడు. గది ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూచుని కమలాకాయ ఒలుస్తున్నాడు.

"కొలుద్దామని వచ్చా, గిమ్‌సాన్ అన్నా."

"కొలుచుకో అమ్మీ. ఎవరొద్దన్నారు?"

"నీ హద్దురాయి మా తోటలో ఉంది."

"రాయి ఎక్కడుంటే హద్దు అక్కడే కదా. నువ్వు కాపురానికి రాకముందునుంచీ అది అక్కడే ఉంది."

"అక్కడంటే ఎక్కడ? అది నడిచొచ్చింది!"

"రాళ్లు నడవ్వమ్మా."

"నడిచింది! నీ చెట్లు, నీ కాలవ, నీ రాయి, అన్నీ కలిసి ఊరేగింపుగా వచ్చి మా వరుస నెత్తినెక్కి కూచున్నాయి!"

గిమ్‌సాన్ తొనలు నోట్లో వేసుకుని తాపీగా లేచాడు. హద్దురాయి దగ్గరికి తీసుకెళ్లాడు. "పట్టు టేపు. ఈ రాయికీ నా మొదటి చెట్టుకీ మధ్య ఎంత?"

"ఆరడుగులు."

"మా నాన్న పాతినప్పుడూ ఆరే. రెండో చెట్టుకి?"

"పద్దెనిమిది."

"అప్పుడూ పద్దెనిమిదే. మరి రాయి కదిలిందంటావేం?"

సున్‌మోయ్‌కి చిర్రెత్తుకొచ్చింది. మనిషిది తప్పని తెలుసు. లెక్క మాత్రం రైటే. ఆయన వైపు ఉన్నవన్నీ కలిసికట్టుగా కదిలితే వాటి మధ్య దూరం ఎందుకు మారుతుంది? ఆ సంగతి ఆమెకు లోలోపల తెలుస్తోంది గాని నోటికి మాటలుగా రావడం లేదు. టేపు చుట్టుకుని కిందికొచ్చేసింది. దారిలో పొలం మూల నేలదేవుడి బుల్లి గుడి ఉంది. తొమ్మిదో నెల ఇరవై ఒకటిన వచ్చిన భూకంపం దెబ్బకు అది కూడా ఓ పక్కకు ఒరిగింది. ఆమె రోజూ రెండు ఊదొత్తులు వెలిగిస్తుంది అక్కడ. ఆ రోజు వెలిగించింది గాని తిట్టి మరీ వెలిగించింది. "చేసే పని ఒక్కటి కదయ్యా నీది. నేలను చూసుకోవడం. అది కూడా చేతకాకపోతే ఎలా?"

అర్జీ పెట్టిన మూడు వారాలకు భూముల ఆఫీసునుంచి సర్వేయరు వచ్చాడు. వూ అనే కుర్ర ఉద్యోగి. రెండు నెలలుగా ఊరూరా ఇదే పని మీద తిరిగి మొహం మాడ్చుకున్నవాడు. మూడుకాళ్ల యంత్రం పాతి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒక కన్ను మూసుకుని చూశాడు. సున్‌మోయ్ టీ ఇచ్చింది. ఆయన తాగాడు. మళ్లీ చూశాడు.

"ఏం బాబూ, ఆయన రాయి కదిలిందా లేదా? అది చెప్పు ముందు."

"కదిలిందండి."

సున్‌మోయ్ గోడ పైకి తిరిగి కేకేసింది. "విన్నావా అన్నా? కదిలిందట!"

"మీదీ కదిలిందండి," అన్నాడు వూ.

"మాదా? మాదెక్కడికి పోతుంది?"

"కొంచెమేలెండి. ఇక్కడ కదలంది లేదు. నేను దేన్ని పట్టుకుని కొలవాలో ఆ గుర్తు కూడా కదిలింది. బడి దగ్గర గుర్తు కదిలింది. వంతెన దగ్గరది కదిలింది. నది అవతల ఒకటి బాగానే ఉందనుకున్నాం. మొన్న చూస్తే అదీ కదిలింది."

"మీ ఆఫీసులో కదలనిదంటూ ఏదన్నా ఉందా నాయనా?"

వూ యంత్రం సర్దుకుంటూ నిట్టూర్చాడు. "మీ ఫైలేనండి."

పైనుంచి గిమ్‌సాన్ పగలబడి నవ్వాడు. లాన్‌యిన్ పోయాక ఆయన నవ్వడం ఎవరూ వినలేదు. సున్‌మోయ్‌కి ఒక పక్క ఒళ్లు మండుతోంది, ఇంకో పక్క ఆ నవ్వును ఆపబుద్ధి కాలేదు. అదే ఆమెకు మరీ చిరాకు. తిట్టాలంటే నిండుగా తిట్టడానికి లేదు. ఊళ్లో ఎవరి దగ్గర ఎత్తినా ఒకటే పాట: "పాపం, ఆయనకు పెళ్లాం పోయింది, వదిలెయ్యవే." పెళ్లాం పోవడానికీ పదకొండు చెట్లకీ ఏం సంబంధమో ఒక్కరూ చెప్పరు.

ఇది చాలదన్నట్టు నీళ్ల గొడవ వచ్చిపడింది. కొండ దిగువనుంచి వచ్చే కాలవ గిమ్‌సాన్ తోట తడిపి, మిగిలింది గట్టు దాటి సున్‌మోయ్ తోటలోకి నెమ్మదిగా పారేది. ఇప్పుడు ఆ నీళ్లు గోడ అంచునుంచి దబదబ కింద పడుతున్నాయి. పడినచోట గొయ్యి. వారం వారం గొయ్యి పెద్దదవుతోంది. ఏడో వరుసలో మూడో చెట్టుకు వేళ్లు బయటపడ్డాయి.

"కాలవ కొంచెం అటు తిప్పన్నా," అని కిందనుంచి అరిచింది.

"నీళ్లు ఎప్పుడూ అటే కదా పారేది," అని పైనుంచి జవాబు.

"పారేవి! ఇప్పుడు దూకుతున్నాయి! పారడానికీ దూకడానికీ తేడా తెలీదా నీకు?"

"తిప్పితే నా చెట్లు ఎండిపోతాయి."

"తిప్పకపోతే నావి కొట్టుకుపోతాయి!"

డిసెంబరు ఆఖర్లో అంటుకట్టే రోజులొచ్చాయి. చలిదేశపు బేరి మొగ్గల్ని తెచ్చి ఇక్కడి చెట్ల కొమ్మలకు కట్టాలి. పదిహేను రోజుల్లో పని తేలకపోతే మొగ్గలు పాడైపోతాయి. సున్‌మోయ్ నిచ్చెనెక్కి కత్తితో కొమ్మ చీల్చి, మొగ్గను దూర్చి, పట్టీ చుట్టి, పైన సంచి తొడుగుతోంది. చేతులు వాటి మానాన అవి పోతాయి, ముప్పై ఆరేళ్ల అలవాటు. ఆ పక్కనే గోడ అంచున గిమ్‌సాన్ కాళ్లు కిందికి వేలాడేసుకుని కూచునేవాడు. నిచ్చెన మీది ఆమె తల, ఆయన మోకాళ్లు ఒకే ఎత్తులో ఉండేవి.

"ఆ పట్టీ వదులుగా ఉందేమో చూడు."

"లేదు."

"లాన్‌యిన్ రెండు చుట్లు ఎక్కువ వేసేది."

"లాన్‌యిన్‌కి కట్టడం నేర్పింది నేను."

కాసేపటి తర్వాత మళ్లీ, "ఇవాళ డెబ్బై కట్టావా?"

"ఎనభై నాలుగు! మాట్లాడించకు, లెక్క తప్పుతా!"

ఫిబ్రవరిలో, కొత్త సంవత్సరం పండగ దాటిన వారానికి, యూనివర్సిటీనుంచి ప్రొఫెసరు త్సెంగ్ వచ్చింది. పొట్టి మనిషి, మోకాళ్ల దాకా బురద బూట్లు, వెనక నలుగురు విద్యార్థులు. ఆ గోడకు అడ్డంగా కందకం తవ్వి లోపల ఏముందో చూస్తామంది. సగం సున్‌మోయ్ నేలలో, సగం గిమ్‌సాన్ నేలలో.

"ఇంకో గొయ్యా?" అంది సున్‌మోయ్. "ఒకటి ఆయన నీళ్లు తవ్వుతున్నాయి, ఇంకోటి మీరు తవ్వుతారా? తవ్వి ఏం కనిపెడతారు?"

"నేల ఎలా జరిగిందో కనిపెడతాం."

"నాకు తెలుసు ఎలా జరిగిందో. దొంగలా జరిగింది."

ప్రొఫెసరు నవ్వలేదు. ఇంట్లో బల్ల మీద పండగకు చేసిన ముల్లంగి దిమ్మ మిగిలి ఉంది. బియ్యప్పిండీ ముల్లంగి తురుమూ కలిపి ఆవిరి మీద ఉడికించింది, ఇటికరాయిలా పొడుగ్గా ఉంది. అడిగి కత్తి తీసుకుని దాన్ని మధ్యలో కోసింది. నిలువుగా కాదు, బాగా ఏటవాలుగా. తర్వాత రెండు చేతులతో రెండు చివర్లూ పట్టుకుని లోపలికి నొక్కింది. కాసేపు ఏమీ కదల్లేదు. అంటుకునే ఉంది. ఇంకా నొక్కింది. ఉన్నట్టుండి ఒక ముక్క జర్రున రెండోదాని మీదికి పాకింది.

"మీ కొండల వైపునుంచి నేల మీద ఎప్పుడూ ఇలా ఒత్తిడి పడుతూనే ఉంటుందమ్మా. లోపల ఇలాంటి వాలు కోత ఉంది. వందల ఏళ్లు బిగబట్టి ఉంటుంది, ఒక రోజు జారుతుంది. కోత వాలుగా ఉంది కాబట్టి పక్కకీ పైకీ ఒకేసారి పోతుంది. పై ముక్క కింది ముక్క మీదికెక్కుతుంది."

సున్‌మోయ్ ముందుకు వంగి చూసింది. "దిమ్మ తగ్గలేదు."

"తగ్గలేదు."

"పళ్లెంలో పొడుగు తగ్గింది."

"అంతే."

"కింది ముక్క కొస ఎక్కడికీ పోలేదు. పై ముక్క కిందే ఉంది."

"అక్కడే ఉంది."

"ఆయన ముక్క మీద ఆయన చెట్టుకీ రాయికీ మధ్య దూరం మారదు. ఎందుకంటే ముక్క ముక్కంతా వచ్చింది!" సున్‌మోయ్ బల్ల మీద అరచేత్తో కొట్టింది. "ఈ మాట నవంబర్లో నాకెవరూ చెప్పలేదేం?"

ఫుంగ్‌నాన్ మెల్లగా చెయ్యి చాపి పై ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

"అది గిమ్‌సాన్ ముక్కయ్యా!"

"ఎవరిదైతేనేం, ఎండిపోతోంది," అన్నాడాయన నములుతూ.

తవ్వుకోవడానికి సున్‌మోయ్ ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. తవ్వాక గిమ్‌సాన్ తనతోపాటు ఆ కందకంలోకి దిగి చూడాలి.

పొక్లెయిన్ మూడు రోజులు తవ్వింది. విద్యార్థులు రెండు పక్కల మట్టిగోడల్ని తాపీలతో గీకి నున్నగా చేసి, మేకులు కొట్టి దారాలు కట్టారు. నాలుగో రోజు మధ్యాహ్నం సున్‌మోయ్ నిచ్చెన మీదుగా ముందు దిగింది. వెనకాల గిమ్‌సాన్ ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగాడు. ప్రొఫెసరు ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. తూర్పునుంచి గుండ్రాళ్లున్న ఎర్రమట్టి ఏటవాలుగా ఎగబాకి వచ్చి నాలుకలా ముందుకు వాలింది. దాని కింద నల్లమట్టి, అడుగున్నర మందం. ఏళ్ల తరబడి ఆమె పేడా ఆకూ వేసి నలుపెక్కించిన మట్టి. అది ఏడో వరుస దగ్గరనుంచి తిన్నగా వచ్చి ఎర్రమట్టి కిందికి దూరిపోయింది. ఆ నల్లమట్టి మీద ఒక బేరిచెట్టు పక్కకు పడుకుని, చితికి, అలాగే ఉంది. కొమ్మకు పోయినేడు కట్టిన అంటుపట్టీ ఇంకా చుట్టుకునే ఉంది. దాని పక్కన, జూన్ కోతలో రాలి చెట్టుకిందే పడిపోయిన కాయ సంచి ఒకటి. కాగితం నాని మెత్తబడింది గాని మూతికి చుట్టిన తీగ మెరుస్తోంది.

సున్‌మోయ్ అయిదు నెలలుగా మాటలు కూడబెట్టుకుని ఉంది. ఏది ముందు అనాలో, ఏది తర్వాత అనాలో వరుస కూడా వేసుకుంది. నోరు తెరవబోయింది.

గిమ్‌సాన్ చేత్తో ఆ పట్టీ ముట్టుకుని చూశాడు. "నీ కట్టే. రెండు చుట్లు తక్కువ." చెయ్యి వెనక్కి తీసుకుని, "అయితే అయిదు నెలలుగా నేను మీ నెత్తి మీద కూచున్నానన్నమాట. సరే అమ్మీ. ఇది మీదే," అన్నాడు.

అంతే. సున్‌మోయ్ నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"మీదేనా? ఇంత తేలిగ్గానా? ఈ ముక్క నవంబర్లోనే అని ఉంటే నీ సొమ్మేం పోయేదన్నా? నేను ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకున్నా!"

"నవంబర్లో నాకేం తెలుసు? రాయి నడుస్తుందని మా నాన్న కూడా చెప్పలేదు." గిమ్‌సాన్ నిచ్చెన పట్టుకుని కింద మట్టి వైపు చూస్తూ నిలబడ్డాడు. "డిసెంబర్లో అనుమానం వచ్చిందిలే."

"డిసెంబర్లో వచ్చిందా! మరి చెప్పవేం?"

"ఊరంతా నాతో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఆస్పత్రిలో రోగితో మాట్లాడినట్టు. మా చెల్లెలు ఫోను చేస్తే ఏడుపు. నువ్వొక్కదానివే రోజూ వచ్చి అరిచేదానివి." ఆయన మెల్లగా ఒక మెట్టెక్కాడు. "చెప్పేస్తే రావడం మానేస్తావని."

సున్‌మోయ్‌కి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. చివరికి కోపమే ముందు బయటికొచ్చింది. "ముసలి ముండాకొడకా," అంది, ప్రొఫెసరు ఎదురుగానే. తర్వాత, ఆయన కాలు జారకుండా కిందనుంచి నిచ్చెన గట్టిగా పట్టుకుంది.

ప్రొఫెసరు ఆ సమయంలో ఇంకా కిందికి చూపించి ఏదో చెబుతోంది. నల్లమట్టికి అడుగున, నాలుగడుగుల లోతులో, ఇంకో సన్నటి నల్లచార కూడా అలాగే ఎర్రమట్టి కింద మడతపడి ఉందట. కొన్ని వందల ఏళ్ల కిందట కూడా ఇదే చోట ఇలాగే జరిగిందని దానికి గుర్తు. "మళ్లీ కూడా జరుగుతుందమ్మా, ఎప్పుడో," అంది.

"ఎవరి వైపునుంచి ఎవరి మీదికి?"

"అటునుంచి ఇటే. తూర్పుది పడమటి మీదికి."

"ప్రతిసారీ మేమేనా కింద?" అంది సున్‌మోయ్.

గిమ్‌సాన్ మర్నాడే కాలవకు అడ్డకట్ట వేసి, అంచు పొడవునా నీళ్లను పక్కకు తిప్పుకున్నాడు. ఒక్క రోజు పని. ఆ ఒక్క రోజు పని నెలల తరబడి ఆగింది. విద్యార్థులు పోతూ పోతూ కందకం పూడ్చారు, కానీ మంచి నల్లమట్టి అడుగున వేసి గుండ్రాళ్లు పైన పోశారు. సున్‌మోయ్ వారం రోజులు రాళ్లు ఏరి, ప్రొఫెసరుకు పోస్టులో రెండు పేజీల ఉత్తరం రాసింది. జవాబుగా క్షమాపణా, కందకం ఫొటో ఒకటీ వచ్చాయి. ఫొటో గోడకు తగిలించింది గాని క్షమాపణ చాల్లేదంది.

భూముల ఆఫీసు తుది పటం రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ గోడ పొడవునా ఉన్న రైతులందరికీ తలా కాస్త నేల తగ్గించి, పాత హద్దులు కాదని, కొత్త హద్దును గోడ వాలు మధ్యలో గీశారు. తన వాటాకు వచ్చిన వాలు మీద మేక కూడా నిలబడదని సున్‌మోయ్ మళ్లీ అర్జీ పెట్టింది. కొట్టేశారు. సంతకం పెట్టడానికి వెళ్లిన రోజు కాగితం మూడుసార్లు చదివింది. వెనక వరుసలో జనం గొణుగుతున్నా పట్టించుకోలేదు. "మీ నేల, ఆ నాలుగు ఫెన్‌లు ఎక్కడికీ పోలేదండి," అని వూ సముదాయించబోయాడు. "తెలుసు. నేను చూశా. నువ్వు చూడలేదు," అని సంతకం పెట్టింది.

ఇప్పుడు తోటలో ఏడు వరుసలు. పోయిన జూన్‌లో వాటి మీద కాయ బాగానే దిగింది.

ఈ మధ్య ఫుంగ్‌నాన్ ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశాడు. మూడు మధ్యాహ్నాలు పార తీసుకుని పోయి, గోడ వాలులో కిందనుంచి పైదాకా మెట్లు తవ్వాడు. గిమ్‌సాన్‌కి చుట్టూ తిరిగి రావాలంటే మోకాళ్లు నొప్పిగా ఉన్నాయట. సున్‌మోయ్ చూసి నోరు వెళ్లబెట్టింది. తర్వాత ఎక్కి చూసింది. పదమూడు మెట్లు. ఒకటి జానెడుంది, దాని పైది మోకాలెత్తు, ఏడోది బయటికి వాలి ఉంది. దిగుతుంటే పాదం మెలిపడింది.

"ఇవి మెట్లా? ఆయన వయసెంత, ఈ ఎత్తెంత? మనిషిని చంపుదామనా?"

ఫుంగ్‌నాన్ ఏదో అనబోయాడు.

"అనకు," అంది సున్‌మోయ్. ఆయన చేతిలోంచి పార లాక్కుని, నడుముకు టేపు కట్టుకుని, అన్నిటికంటే కింది మెట్టు దగ్గర మోకాళ్ల మీద కూచుని కొలవడం మొదలుపెట్టింది. పైన అంచు మీద గిమ్‌సాన్ అప్పటికే కాళ్లు వేలాడేసుకుని కూచున్నాడు. రెండో మెట్టు వంకరగా వస్తోందని అరుస్తున్నాడు.